ఆయన్నే అడుగుదాం: ఎదుగుదల వైకల్యం ఉన్నవాళ్లను చూసుకునేవారికి శిక్షణ ఇచ్చే పద్ధతి

దేవరకొండ వైపు ఒక ఊళ్లో ఒక అవ్వ తన మనవడికి అన్నం తినిపిస్తుంటే పక్కన కూర్చుని చూశాను. అబ్బాయికి 19 ఏళ్లు. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు పట్టు తప్పే వైకల్యం), మాట రాదు. అవ్వ పప్పన్నం కలిపి బుక్క నోటి దగ్గర పెడితే తల పక్కకు తిప్పేస్తున్నాడు. మళ్లీ పెడితే మళ్లీ తిప్పుతున్నాడు. "రోజూ గిట్లనే మేడం. మొండోడు" అంది అవ్వ. అతని చూపు మాత్రం ప్రతిసారీ ఒకే చోటికి పోతోంది. అక్కడ చిన్న గిన్నెలో మామిడికాయ తొక్కు ఉంది. కొంచెం పెట్టి చూద్దామా అంటే "కారమైతది, వానికెందుకు" అంది. గోరంత కలిపి పెట్టాం. నోరు తెరిచాడు. మిగతా అన్నం గొడవ లేకుండా అయిపోయింది.

అవ్వ ప్రేమలో ఏ లోటూ లేదు. కొడుకు, కోడలు పుణెలో పనికి పోతే, అన్నేళ్లుగా ఆ పిల్లవాడిని ఎత్తి, కడిగి, తినిపించి కాపాడింది ఆమే. తల తిప్పడం కూడా ఒక మాటేనని ఆమెకు ఎవరూ చెప్పలేదు, అంతే. నేను ఇచ్చే శిక్షణంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది. దీన్నే వ్యక్తి కేంద్రిత మద్దతు అంటారు. మనం చూసుకునే మనిషికి ఏం కావాలో ముందు ఆ మనిషి దగ్గరే తెలుసుకుని, తర్వాత చేయి వేయడం.

ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో నడిచే భవిత కేంద్రాల టీచర్లు, అంగన్‌వాడీ టీచర్లు, ఆశా కార్యకర్తలు, తల్లిదండ్రుల సంఘాల వాళ్లు, ఊళ్లో పది మందిని కూర్చోబెట్టి ఇది నేర్పాలనుకునే ఎవరైనా సరే, ఈ పద్ధతిని వాడుకోవచ్చు. ఆటిజం, మేధో వైకల్యం, సెరిబ్రల్ పాల్సీ, డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలకూ పెద్దలకూ వర్తిస్తుంది. ఈ ఎదుగుదల వైకల్యాలు మానసిక జబ్బులు కావని మొదటి రోజే స్పష్టంగా చెప్పండి. చాలా ఇళ్లలో ఆ రెంటినీ కలిపేసి దర్గాలకు, భూతవైద్యులకు వేలకు వేలు పెట్టి ఉంటారు. దాని మీద ఎవరినీ తప్పుపట్టకండి. ఆశతో చేసిన పని అది.

1. ఎవరిని పిలవాలి, ఎప్పుడు పిలవాలి

పాలమూరులో శిక్షణ అంటే తల్లి వస్తుందని అనుకుంటే కుదరదు. తల్లి ముంబైలో ఉండొచ్చు, ఇటుక బట్టీలో ఉండొచ్చు. ఇంట్లో చూసుకునేది నాయనమ్మో, అమ్మమ్మో, బడి మానేసిన అక్కో. పిలుపు వాళ్లకే వెళ్లాలి. "పిల్లవాడికి పొద్దున ముఖం ఎవరు కడుగుతారు, రాత్రి పక్కన ఎవరు పడుకుంటారు?" అని అడగండి. ఆ ఇద్దరూ రావాలి. తండ్రి ఊళ్లో ఉంటే తండ్రి కూడా. "ఆడోళ్ల పని" అని తప్పించుకోనివ్వకండి. కొడుకు 15 ఏళ్లు దాటాక ఎత్తి స్నానం చేయించడం తల్లి నడుముతో అయ్యే పని కాదు.

నాట్లు, పత్తి ఏరే రోజులు వద్దు. యాసంగి నాట్లయ్యాక, ఎండలు ముదరకముందు కొద్ది రోజులు దొరుకుతాయి. వరసగా ఐదు రోజులు పెడితే రెండో రోజుకే సగం మంది మిగులుతారు. వారానికి ఒక పూట, ఆరు వారాలు పెట్టండి. కైకిలి పోతుంది కాబట్టి ఆ పూట కూలి, దారి ఖర్చు ఇచ్చే దారి ముందే వెతుక్కోండి. పది, పన్నెండు మందికి మించొద్దు. పిల్లల్ని వెంట తెచ్చుకోమనండి. "వాడిని ఎవరి దగ్గర వదలాలి" అన్న టెన్షన్ ఉంటే ఏ మాటా చెవికెక్కదు. పిల్లల్ని ఆడించడానికి ఇద్దరు మనుషులు, ఒక చాప, నీళ్లు, జారకుండా వెళ్లగలిగే బాత్రూం ఉన్న చోటు చూసుకోండి. మండల కేంద్రంలో భవిత కేంద్రం ఉంటే అంతకన్నా మంచి చోటు లేదు.

2. క్లాసు కన్నా ముందు ఇంటికి వెళ్లండి

ఇది వదిలేస్తే మిగతా అంతా ఉపన్యాసమే అవుతుంది. ప్రతి ఇంటికీ ఒక్కసారైనా వెళ్లి ఒక గంట కూర్చోండి. గడపలోకి అడుగుపెట్టగానే ముందు ఆ వైకల్యం ఉన్న మనిషినే పలకరించండి. పేరు పెట్టి పిలిచి, ఎదురుగా కూర్చుని, మీరెవరో చెప్పండి. వాళ్లు బదులు చెప్పకపోయినా ఫరవాలేదు. ఇంట్లోవాళ్లు మిమ్మల్ని చూస్తుంటారు. శిక్షణ అక్కడే మొదలైపోతుంది.

సర్టిఫికెట్ చూపించమని అడగకండి. ఎంత శాతమో తెలిస్తే పింఛన్‌కు పనికొస్తుంది, మనిషి గురించి ఏమీ తెలియదు. నేను రెండే అడుగుతాను. "పోయిన వారంలో ఈ బిడ్డ బాగా సంతోషంగా ఉన్న రోజు ఏది, ఆ రోజు ఏమేం జరిగింది?" "బాగా ఇబ్బంది పెట్టిన రోజు ఏది, ఆ రోజు ఏమేం జరిగింది?" ఈ రెండింటికీ జవాబులు పొద్దున లేచినప్పటి నుంచి పడుకునేదాకా వరసగా చెప్పించుకుని నోట్‌బుక్‌లో రాసుకోండి. తర్వాత క్లాసులో వాడే ఉదాహరణలన్నీ ఆ నోట్‌బుక్‌లోంచే రావాలి.

మర్రిగూడ, నాంపల్లి వైపు కొన్ని ఇళ్లలో నీళ్లలోని ఫ్లోరైడ్‌తో ఎముకలు వంగిపోయిన పెద్దవాళ్లను ఏళ్లుగా చూసుకుంటున్నారు. మనిషిని నొప్పి తెలియకుండా ఎలా లేపాలో, ఎలా పడుకోబెట్టాలో వాళ్లకు మనకన్నా బాగా తెలుసు. అలాంటివాళ్లు మీ గుంపులో ఉంటే ఆ భాగం వాళ్ల చేతే చెప్పించండి.

3. మొదటి పూట: ఒకరికొకరు అన్నం తినిపించడం

మొదటి పూట ఉపన్యాసం వద్దు. పెరుగన్నం, ఒక కూర, నీళ్లు తెప్పించండి. ఇద్దరిద్దరిని జంటలుగా కూర్చోబెట్టండి. ఒకరు చేతులు వెనక్కి పెట్టుకోవాలి, మాట్లాడకూడదు. రెండోవారు రోజూ ఇంట్లో తినిపించినట్టే తినిపించాలి. ఐదు నిమిషాలు. తర్వాత తారుమారు.

మొదట్లో అందరూ నవ్వుతారు. రెండు నిమిషాలకు నవ్వు తగ్గుతుంది. బుక్క పెద్దదైపోతుంది, మింగకముందే ఇంకోటి వస్తుంది, మూతి మీద మెతుకు అంటుకుంటే తుడుచుకోలేరు. నీళ్లు కావాలనిపిస్తుంది, అడగలేరు. తినిపించే మనిషి పక్కవాళ్లతో ముచ్చట పెడుతూ పెడుతూ బుక్క పెడుతుంటుంది. అయిపోయాక ఒక్క ప్రశ్న అడగండి: "మీకేం కావాలనిపించింది, అప్పుడు ఏం చేశారు?" తల తిప్పాను, పళ్లు బిగపట్టాను, కళ్లు పెద్దవి చేశాను, కాలితో తన్నబోయాను అంటారు. అవన్నీ బోర్డు మీద రాసి, "ఇంట్లో మీ బిడ్డ ఇవే చేస్తే ఏమంటాం?" అని అడగండి. అప్పుడు వచ్చే నిశ్శబ్దాన్ని మాటలతో నింపకండి. ఒకసారి నారాయణపేట దగ్గర ఒక తల్లి కళ్లు తుడుచుకుంటూ లేచి, పక్కన ఆడుకుంటున్న కూతురి దగ్గరికి పోయి కూర్చుంది. ఆ పూటకు అంతకన్నా చెప్పాల్సింది లేకపోయింది.

ఆ వెంటనే తినిపించే సరైన పద్ధతి చేసి చూపించండి. వీపు నిటారుగా, పాదాలకు ఆనిక, గడ్డం కొద్దిగా కిందికి. పడుకోబెట్టి, తల వెనక్కి వాల్చి ఎప్పుడూ తినిపించకూడదు, అన్నం ఊపిరితిత్తుల వైపు పోతుంది. మనం నిలబడి పైనుంచి కాకుండా ఎదురుగా అదే ఎత్తులో కూర్చోవాలి. చిన్న బుక్క పెట్టి, గొంతు కదిలి మింగినట్టు కనిపించాకే రెండోది. తిన్నాక అరగంట కూర్చోబెట్టాలి. తినేటప్పుడు తరచూ పొలమారినా, తిన్నాక గొంతు గరగరలాడినా, పదేపదే దగ్గు, జ్వరం వస్తున్నా డాక్టరుకు చూపించాలి.

4. పిలుపు మార్చడం

మన మాటలోనే ఒక చిక్కు ఉంది. "అది తినదు", "దానికేం తెలుసు" అని 25 ఏళ్ల అమ్మాయి ఎదురుగానే అంటాం. ఆమె చెల్లెలి పెళ్లయితే చెల్లెలు "ఆమె" అయింది, ఈమె ఇంకా "అది" దగ్గరే ఆగిపోయింది. ముప్పై ఏళ్లొచ్చినా "పాప", మీసాలొచ్చినా "బాబు". ఇక పిచ్చోడు, మొద్దు, మూగది లాంటివి పేర్ల స్థానంలోకే వచ్చేస్తాయి.

దీని మీద క్లాసు పీకితే తల్లులు నొచ్చుకుంటారు. ప్రేమతోనే అంటున్నాం కదా అంటారు, అది నిజమే. ఒక పని ఇవ్వండి: ఆ వారమంతా ఇంట్లో అందరూ పేరుతోనే పిలవాలి. వరస కలిపి పిలిచే చోట వరస కలపాలి. తమ్ముడు "అక్కా" అనాలి, మరదలు "బావా" అనాలి. మనిషి ఎదురుగా ఉన్నప్పుడు అతని గురించి పక్కవాళ్లతో మాట్లాడాల్సి వస్తే "నీ సంగతి మేడంకు చెప్తున్నా" అని ముందు అతనికి చెప్పాలి. వచ్చే వారం ఏం మారిందో అడగండి. వనపర్తి వైపు ఒక అమ్మ చెప్పింది, తమ్ముడు "అక్కా" అని పిలవడం మొదలుపెట్టిన మూడో రోజు ఆ అమ్మాయి తన తలె (కంచం) తానే తీసుకొచ్చి తమ్ముడి పక్కన కూర్చుందట.

5. ఒక్క పేజీ

ఇది శిక్షణకు గుండెకాయ. రెండు పూటలైనా దీనికే ఇవ్వండి. ఒక్కో మనిషి గురించి ఒక్క కాగితం, మూడు భాగాలు. ఈ మనిషిలో మనకు నచ్చేది ఏమిటి. ఈ మనిషికి ఏది ముఖ్యం. ఎలా తోడుంటే బాగుంటుంది.

ఒక ఇంట్లో 23 ఏళ్ల అమ్మాయి గురించి రాసిన పేజీ ఇలా వచ్చింది.

నచ్చేవి: ఎవరొచ్చినా నవ్వుతూ నీళ్లు తెచ్చిస్తుంది. కోళ్లను చీకటి పడకముందే లెక్క తప్పకుండా గూట్లోకి తోలుతుంది. అబద్ధం ఆడదు.

తనకు ముఖ్యం: పొద్దున లేవగానే చాయ్, అదీ తన స్టీలు గ్లాసులోనే. బతుకమ్మకు తంగేడు పూలు తానే పేర్చాలి. శుక్రవారం తలస్నానం. నాన్న ఫోన్ చేసినప్పుడు తన వంతు రావాలి.

తోడుండే పద్ధతి: ఒకేసారి ఒకే పని చెప్పాలి. చెప్పాక పది లెక్కపెట్టేదాకా మళ్లీ చెప్పకూడదు. బస్సు హారన్‌కు భయపడుతుంది, బస్టాండులో చేయి పట్టుకోవాలి. దుపట్టా కొరుకుతోందంటే ఆకలేస్తోంది లేదా కడుపు నొప్పి. ఫిట్స్ మాత్ర రాత్రి భోజనం తర్వాత.

క్లాసులో మొదటిసారి రాయించినప్పుడు పేజీ నిండా మాత్రలు, ఫిట్స్, "జాగ్రత్తగా చూసుకోవాలి" అనే మాటలే ఉంటాయి. మనకు ముఖ్యమైనవన్నీ రాసి, తనకు ముఖ్యమైనవి మర్చిపోతాం. రెండూ కావాలి. మాత్ర తప్పకూడదు, స్టీలు గ్లాసూ తప్పకూడదు. రెంటికీ పొత్తు కుదర్చడమే చూసుకునేవాళ్ల నేర్పు. ఆ స్టీలు గ్లాసులోనే నీళ్లిచ్చి మాత్ర వేయించొచ్చు కదా.

ఇంకో జాగ్రత్త. "టీవీ ఇష్టం" అని రాస్తే ఒప్పుకోకండి. ఏ సీరియల్, ఎవరి పక్కన కూర్చుని, ఎంత సౌండు? అలా అడుగుతూ పోతే తెలుస్తుంది, కొన్నిసార్లు ఇష్టం టీవీ మీద కాదు, ఆ టైములో పక్కన కూర్చునే తాత మీద.

చదువు రాని అవ్వలకు ఈ పేజీ ఎలా? ఫొటోలు తీసి అంటించండి: గ్లాసు, పూలు, మాత్ర డబ్బా. లేదా అవ్వ చేత చెప్పించి వాట్సాప్ వాయిస్ మెసేజ్‌గా పెట్టించండి. అది ముంబైలో ఉన్న తల్లికి కూడా చేరుతుంది, పండక్కి వచ్చినప్పుడు ఆమెకు బిడ్డ కొత్తగా అనిపించదు. రాసిన పేజీని చివర్లో ఆ మనిషికే చదివి వినిపించి, ముఖం చూడాలి. ఒప్పుకోలేదనిపిస్తే కొట్టేసి మళ్లీ రాయాలి. ఆరు నెలలకోసారి తిరగరాయాలి.

6. ఎంచుకోనివ్వడం

"ఏం కావాలి?" అన్న ప్రశ్న చాలామందికి చాలా పెద్దది. రెండు వస్తువులు చేతుల్లో పట్టుకుని కంటి ఎత్తులో చూపించండి: ఎర్ర చొక్కా, నీలం చొక్కా. జొన్న రొట్టె, అన్నం. చూపు, చేయి, మూలుగు, ఏదైనా జవాబే. ఇక్కడ మనవాళ్లు చేసే తప్పు ఒకటే, తొందర. రెండు సెకన్లలో మనమే తేల్చేస్తాం. క్లాసులో అందరి చేత మనసులో నెమ్మదిగా పది లెక్కపెట్టించండి. ఎంత పొడుగ్గా ఉంటుందో వాళ్లకే ఆశ్చర్యమేస్తుంది. అడిగి, ఎంచుకున్నాక "అది వద్దులే, ఇది వేసుకో" అనడం అడగకపోవడం కన్నా చెడ్డది. ఇవ్వగలిగినవే చూపించాలి.

"వద్దు" అని చెప్పడానికి కూడా ఒక దారి ఉండాలి. అరచేయి చూపించడమో, తల ఊపడమో, బొమ్మ కార్డో. వద్దనడం వచ్చిన మనిషికి తన ఒంటిని కాపాడుకోవడం కూడా కొంత వస్తుంది. ఎవరు ముట్టుకోవచ్చు, ఎక్కడ ముట్టుకోకూడదు అన్న పాఠం ఈ పూటలోనే కలపండి. పిల్లల విషయంలో అనుమానం వస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయాలని ప్రతి ఇంటికీ తెలియాలి.

7. పని నేర్పడం, చివరి ముక్క నుంచి

చొక్కా వేసుకోవడం మనకు ఒక్క పని. ముక్కలు చేస్తే ఎనిమిదో పదో అవుతాయి. మొదటి నుంచి నేర్పితే ముక్కముక్కకూ ఓడిపోతూ విసిగిపోతారు. తలకిందులుగా వెళ్లండి. అన్నీ మనం చేసి, చివరి గుండీ సగం దూర్చి వదిలితే, లాగడం మాత్రం తను చేయాలి. "అయిపోయింది!" అనే సంతోషం తనది. అది వచ్చాక చివరి గుండీ మొత్తం, తర్వాత చివరి రెండు. నెలలు పట్టొచ్చు, పట్టనివ్వండి. సాయం కూడా ఇంతే. ముందు ఆగి చూడాలి, తర్వాత మాట, తర్వాత వేలితో చూపించడం, ఆ తర్వాతే చేయి పట్టి చేయించడం. మన ఇళ్లలో చేయి పట్టడంతోనే మొదలుపెడతాం.

నెలసరి కూడా ఇలాగే నేర్పొచ్చు. ప్యాడ్ మీద ఎర్ర రంగు చుక్క వేసి, మార్చడం నెలసరి మొదలవకముందే అలవాటు చేయాలి, క్యాలెండర్‌లో గుర్తు పెట్టించాలి. "గర్భసంచి తీయించేస్తే పీడా పోతుంది కదా" అని ఎవరో ఒకరు అడుగుతారు. అది ఆమె ఒళ్లు, నెలసరి ఇబ్బందికి ఆపరేషన్ మందు కాదని గట్టిగానే చెప్పండి.

8. కోపం, కొట్టుకోవడం

తల గోడకు కొట్టుకోవడం, కొరకడం, ఊరి బయటికి పరుగెత్తడం. క్లాసులో అందరూ ఎదురుచూసే పూట ఇదే. మొదట ఒంట్లో నొప్పి ఉందేమో చూడాలి. పంటి నొప్పి, చెవి పోటు, మలబద్ధకం, నెలసరి నొప్పి. మాట రాని మనిషి పంటి నొప్పిని ఇంకెలా చెప్తాడు? ఒక అబ్బాయి నెల రోజులు చెంప మీద కొట్టుకుంటే నిద్ర మాత్రలు వేశారు. చివరికి చూస్తే దవడ పన్ను పుచ్చిపోయింది.

నొప్పి లేదని తేలితే నోట్‌బుక్‌లో మూడు గడులు గీయించండి. దానికి ముందు ఏం జరిగింది, ఏం చేశాడు, తర్వాత మనమేం చేశాం. రెండు వారాలు రాస్తే దారి కనిపిస్తుంది. మిక్సీ సౌండా, చుట్టాలు రావడమా, పని ఆపేసి పిలవడమా. కారణం తెలిస్తే సగం పని అయినట్టే. "ఇంకో రెండు నిమిషాల్లో స్నానం" అని ముందే చెప్పడం, బొమ్మలతో రోజు వరస గోడకు అంటించడం లాంటివి అక్కడి నుంచి పుడతాయి.

మంచానికి కట్టేసి కూలికి పోయే ఇళ్లు ఉన్నాయి. నేను చూశాను. ఆ తల్లిని తిట్టి లాభం లేదు, ఆమెకు ఇంకో దారి చూపించాలి. పక్కింటివాళ్లతో వంతులు, అంగన్‌వాడీలో పూట, గేటుకు గడియ, భవిత కేంద్రంలో రోజులు. తాడు మాత్రం విప్పించాలి. దీని కోసం ఆ ఇంటికి నాలుగుసార్లు వెళ్లాల్సి వచ్చినా వెళ్లండి.

9. ఫిట్స్ వస్తే

బొమ్మను నేల మీద పెట్టి అందరి చేతా చేయించండి. టైము చూడాలి. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, తల కింద మెత్తటి బట్ట పెట్టాలి. చేతులు కాళ్లు గట్టిగా అదిమి పట్టకూడదు. నోట్లో ఏదీ పెట్టకూడదు. చేతిలో తాళాలు, ముక్కు దగ్గర ఉల్లిగడ్డ పనిచేయవు. ఐదు నిమిషాలు దాటితే, ఆగినట్టే ఆగి మళ్లీ వస్తే, ఊపిరి కష్టంగా ఉంటే 108. మందులు మనంతట మనం ఆపేయకూడదు.

10. కాగితాలు

త్వరగా చెప్పి ముగించండి, కానీ వదలొద్దు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, ఆటిజం కూడా అందులో ఉంది. దేశమంతా చెల్లే దివ్యాంగుల గుర్తింపు కార్డు, యూడీఐడీ, తీసుకోవాలి. తెలంగాణలో దివ్యాంగుల పింఛన్‌ను 2023లో నెలకు 4,016 రూపాయలకు పెంచారు. ఇలాంటి వైకల్యాల కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమా ఏడాదికి లక్ష రూపాయల దాకా వైద్యం ఖర్చుకు అక్కరకొస్తుంది. బిడ్డకు 18 నిండాక సంరక్షకులు కావాలంటే కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక స్థాయి కమిటీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. సంరక్షకులం అయ్యాం కదా అని అడగకుండా అన్నీ మనమే నిర్ణయించొచ్చని కాదు. మేధో వైకల్యం పరీక్షలకు, సలహాకు సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి జాతీయ సంస్థ (ఎన్‌ఐఈపీఐడీ) ఉంది.

11. క్లాసులు అయ్యాక

చూసుకునేవాళ్ల అలసటను ఎవరూ అడగరు. ఆరో పూటలో వాళ్ల గురించి కూడా ఒక్క పేజీ రాయించండి: అవ్వకు ఏది ముఖ్యం, ఎప్పుడు కాసేపు నడుము వాలుస్తుంది, ఆ గంట ఎవరు కూర్చుంటారు. పేర్లతో సహా రాయాలి. "ఎవరో ఒకరు చూస్తార్లే" అంటే ఎవరూ చూడరు.

క్లాసులు అయిన ఒక వారానికి, ఒక నెలకు, మూడు నెలలకు మళ్లీ ఇంటికి వెళ్లండి. పాఠాలు అప్పజెప్పించకండి. అన్నం టైముకు వెళ్లి ఊరికే కూర్చోండి. తినిపించేవాళ్లు ఏ ఎత్తులో కూర్చున్నారు, బుక్కకూ బుక్కకూ మధ్య ఎంతసేపు ఆగుతున్నారు, ఆ గంటలో బిడ్డను ఎన్నిసార్లు ఏదైనా అడిగారు, ఒక్క పేజీ గోడ మీద ఉందా, పెట్టెలో ఉందా. ఇవి రాసుకుంటే చాలు.

దేవరకొండ అవ్వ ఇంటికి మూడో నెలలో వెళ్లాను. తలె పక్కన రెండు చిన్న గిన్నెలున్నాయి, ఒకదాంట్లో తొక్కు, ఒకదాంట్లో పెరుగు. అవ్వ రెండూ మనవడి కళ్ల ముందు పట్టుకుని, పెదవులు కదుపుతూ మెల్లగా లెక్కపెట్టుకుంటోంది.